ఐర్లాండు పల్లెటూరికి బట్టలు కుట్టాలంటే

ఐర్లాండు నాటకం అనంగానే పచ్చగుడ్డ తాను చంకన పెట్టుకోని మా కొట్టుకు వచ్చేవాళ్ళకి ముందే చెప్తున్నా: ఆ తాను కొన్నచోటే వెనక్కి ఇచ్చేసి రండి. పొడుగాటి పచ్చటోపీ, పచ్చకోటు, బకిల్సు బూట్లు, ఇదంతా ఐర్లాండువాళ్ళ సెయింట్ పాట్రిక్ పండక్కి అచ్చేసే కార్డుల మీది బొమ్మ వేషం. 19వ శతాబ్దంలో అక్కడి పల్లెల్లో ఉర్లగడ్డలు తవ్వుకోని బతికిన మనిషి ఒంటిమీద కనపడేది బూడిదరంగు, మట్టిరంగు, ముదురునీలం, రంగు వెయ్యని ఉన్ని తెలుపు. ఆడవాళ్ళ పావడా ఎరుపు. పచ్చతో మీకు పనిపడదు.

మాది కావలిలో డ్రస్సుల కొట్టు. మా నాయన కాలంలో పద్యనాటకాలకి కిరీటాలు, భుజకీర్తులు, చమ్కీ కోట్లు అద్దెకిచ్చేవాళ్ళం. ఆ పెట్టెలు ఇంకా అటకమీదే ఉన్నాయి గానీ, ఇప్పుడు వచ్చేది ఎక్కువగా కాలేజీ పిల్లలు, పరిషత్తు పోటీలకి పోయే సమాజాలవాళ్ళు. వాళ్ళల్లో ఎవరో ఒకరు ఐర్లాండు పల్లెకథను నాటికగా పెట్టుకుంటానే ఉంటారు. "అక్కా, పదిమందికి డ్రస్సులు కావాల, శనివారానికి" అంటారు. ఏ కాలం కథ నాయనా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఇదంతా రాసిపెడుతున్నా. చదివి రండి, నాకు సగం గొంతునొప్పి తగ్గుద్ది.

కత్తెర పట్టకముందు

మూడు సంగతులు తేలాలి. కథ ఏ సంవత్సరంలో జరుగుద్ది, ఐర్లాండులో ఏ దిక్కున జరుగుద్ది, ఆ ఇంట్లోవాళ్ళకి ఎంత ఉంది.

సంవత్సరం ఎందుకంటే, ఆ దేశంలో 19వ శతాబ్దాన్ని 1845 రెండు ముక్కలు చేసింది. ఆ ఏడు ఉర్లగడ్డ పంటకి తెగులు తగిలింది. ఆకు నల్లబడింది, గడ్డ మట్టిలోనే కుళ్ళి కంపుకొట్టింది. 1852 దాకా సాగిన ఆ కరువులో దాదాపు 10 లక్షలమంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం వదిలిపోయారు. 1841 లెక్కల్లో 81 లక్షలకి పైగా ఉన్న జనం 1851 నాటికి 65 లక్షల చిల్లరకి పడిపోయారు. మీ కథ 1845కి ముందుదైతే మగవాళ్ళకి మోకాలి కిందదాకా వచ్చే బ్రీచెస్, ఇంట్లో వడికిన ఉన్ని, నారబట్ట. 1870 తరవాతదైతే ఫుల్ ప్యాంట్లు, అంగట్లో కొన్న మిల్లుగుడ్డ, పొయ్యిమీద టీ కెటిలు. నడిమధ్య కరువేళ్ళదైతే నాకు కుట్టే పని తక్కువ, చింపే పని ఎక్కువ. ఆ రోజుల్లో జనం తిండి కోసం కోట్లు, దుప్పట్లు తాకట్టుకొట్లో పెట్టేశారు. కరువుపనికి పోదామన్నా కప్పుకునేదానికి గుడ్డలేక ఇంట్లోనే ఉండిపోయిన మనుషులున్నారు.

నటులకి ఈ కరువు సంగతి తలకెక్కాలంటే బకింగ్‌హాం కాలువ గురించి చెప్తాను. ఆ కాలువలో కొంత ముక్క 1876-78 కరువులో కూలి కోసం జనం తవ్విందే. ఐర్లాండులో అట్లాగే కరువుకూలీల చేత రోడ్లు వేయించారు. వాటిల్లో కొన్ని ఏ ఊరికీ చేరకుండా మధ్యలో ఆగిపోయి ఇప్పటికీ కనపడతాయి. ఆ కరువుపనుల ఖర్చు మీద లండన్ ఖజానాలో కూర్చోని పట్టుబిగించిన అధికారి చార్లెస్ ట్రెవెలియన్. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన నెల్లూరు జిల్లా అప్పుడు ఆయన ఏలుబడిలోదే. ఇది విన్నాక పిల్లలు రిహార్సల్లో ఇకిలించడం కొంచెం తగ్గిస్తారు.

దిక్కు సంగతి తేలికే. పడమటి తీరం, అంటే గాల్వే, మేయో, కెర్రీ, ఆరన్ దీవులు అయితే ఎర్ర పావడాలు, తెల్ల ఉన్ని జాకెట్లు. దక్షిణాన కార్క్ వైపు అయితే తలమీద ముసుగుతో ఒళ్ళంతా కప్పే పెద్ద క్లోకు. ఉత్తరాన అవిసెనార పండించి నేసే ఊళ్ళు, అక్కడ నారబట్ట ఎక్కువ. కథలో ఎక్కడా చెప్పకపోతే పడమర అనుకోని కుట్టండి. వెనక బెంచీలవాళ్ళకి ఆ ఎరుపు ఒక్కటే కనపడుద్ది.

ఎంత ఉంది అన్నదాని దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. 1841 లెక్కల్లో అక్కడి ఇళ్ళని 4 తరగతులు చేశారు. నాలుగోది ఒంటిగది మట్టిల్లు. మీ కథ మామూలుగా అట్లాంటి ఇంట్లోనే జరుగుద్ది. ఆ ఇంట్లో మనిషికి రెండో జత ఉండదు. కాబట్టి రెండో సీనుకి డ్రస్సు మార్చాలని డైరెక్టరు గారు అడిగినా మార్చొద్దు. అదే పావడా, అదే కోటు, మొదటి సీన్లో పొడిగా, రెండో సీన్లో అంచు బురదగా ఉంటే చాలు.

ఎర్ర పావడా

గుడ్డ కోసం చెన్నై దాకా పోనక్కర్లేదు. పసిపిల్లల పొత్తిళ్ళకి కొనే తెల్ల కాటన్ ఫ్లానెల్ ప్రతి ఊళ్ళో దొరుకుద్ది. అక్కడి ఆడవాళ్ళు కట్టింది ఉన్ని ఫ్లానెలే, కానీ మన మే నెలలో ఉన్ని కట్టిస్తే పిల్ల స్టేజీ మీదే పడిపోద్ది. కాటన్ ఫ్లానెల్‌కి అదే నూగు, అదే బరువైన వేలాటం ఉంటాయి. పాలిస్టరు మాత్రం వద్దు. లైటు పడితే మెరుస్తుంది, రంగు పట్టదు, పాతబడదు. అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. బూడిదైతే నూలు, ముద్దకట్టి అంటుకుంటే పాలిస్టరు.

ఎరుపు అంటే పెళ్ళి ఎరుపు తేవొద్దు. ఇటుక వైపు ఒరిగిన ఎరుపు కావాలి. వాళ్ళు మంజిష్ఠ జాతి వేరుతో వేసిన రంగు అది. మన చీరాలలో తేలియా రుమాళ్ళకి వేసిన ఎరుపు దానికి దగ్గరి చుట్టమే. మూలికలమ్మే అంగట్లో మంజిష్ఠ వేరు దొరుకుద్ది. కిలో గుడ్డని ముందు సబ్బుతో ఉడకబెట్టి గంజి పోగొట్టాలి. తరవాత కరక్కాయ పొడి నీళ్ళల్లో ఒక రాత్రి నానబెట్టి, పిండి ఆరేసి, 150 నుంచి 200 గ్రాముల పటిక కరిగించిన నీళ్ళల్లో ఇంకో రాత్రి ఉంచాలి. అర కిలో మంజిష్ఠని దంచి, గుడ్డ మునిగేన్ని నీళ్ళల్లో వేసి, సన్నమంట మీద గంటసేపు తిప్పుతా ఉండాలి. తెర్లనీకండి. తెర్లితే ఎరుపు చచ్చి మట్టిరంగు మిగులుద్ది. ఇంత ఓపిక లేకపోతే రంగుల అంగట్లో ఎర్ర పొడి కొని, దాంట్లో చిటికెడు బ్రౌను కలపండి. దూరానికి తేడా తెలీదు, దగ్గరికి తెలుస్తుంది.

కుట్టడం మన పావడా లాగే, రెండు మూడు తేడాలతో. అంచు చుట్టుకొలత 3 మీటర్లు ఉండాలి. నడుం దగ్గర కుచ్చు ముందుపక్క పల్చగా, వెనకపక్క ఒత్తుగా పెట్టండి. పొడుగు చీలమండకి నాలుగు వేళ్ళు పైదాకా ఆపండి, పనిచేసేవాళ్ళకి నేలకి జీరాడే బట్ట ఉండదు. అంచుకి పైన వరసగా మూడు టక్కులు, అంటే గుడ్డని మడిచి కుట్టే మడతలు, అడ్డంగా వెయ్యండి. అందం కోసం మాత్రమే కాదు ఆ టక్కులు. గుడ్డ ఉతికి ఉతికి ముడుచుకుపోయినా, పిల్ల ఎదిగినా, ఒక టక్కు విప్పితే రెండేళ్ళు గడుస్తుంది. తల్లి పాత్రకి ఒక టక్కు విప్పేసి, ఆ విప్పిన చోట రంగు వెలవని గీత వదలండి. ఇది ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియకపోవచ్చు. కట్టుకున్న అమ్మాయికి తెలుస్తుంది, నడకే మారుద్ది.

పైన ముదురురంగు బాడీ, కింద చొక్కా మాదిరి కోరాగుడ్డ షిమ్మీజు. దానిమీద గరుకు ఏప్రను. బయటి పావడా ముదురు నీలంగానో గోధుమగానో ఉంటే పనిచేసే సీన్లో దాన్ని నాట్లప్పుడు మనవాళ్ళు కుచ్చెళ్ళు ఎగదోపినట్టు పైకెత్తి వెనక ముడెయ్యమనండి. లోపలి ఎరుపు అప్పుడే బయటికి వస్తుంది. ఆ నీలం వాళ్ళు బయటనుంచి వచ్చే నీలిమందుతో వేసుకున్నదే. ఆ శతాబ్దంలో నీలిమందు పండించి అమ్మిన జిల్లాల్లో మనదీ ఒకటి. ఒంటిమీదున్న నీలం మన మట్టిలో మొలిచింది అయ్యుండొచ్చని మా కొట్లో నేను చెప్తే పిల్లలు ఫోన్లు తీసి వెతుకుతారు.

పెళ్ళయిన ఆడమనిషికి తలమీద తెల్లటి నారటోపీ, మెడకింద కట్టేది. పెళ్ళికానిదానికి తల ఖాళీ. ఈ ఒక్కదానితో డైలాగు లేకుండా ఎవరు ఎవరో చెప్పేయొచ్చు.

ఇంకో సంగతి. పడమటి పల్లెల్లో మగపిల్లలకి కూడా పదేళ్ళు దాటిందాకా పావడాలే వేసేవాళ్ళు. దేవకన్యల్లాంటి అక్కడి ఫెయిరీలు మగపిల్లల్ని ఎత్తుకుపోతాయని, ఆడపిల్ల వేషం వేస్తే మోసపోతాయని నమ్మకం. కుట్టేది సులువు, ఉతికేది సులువు, అన్నదీ ఒక కారణమే అనుకోండి. మీ నాటికలో చిన్నపిల్లాడుంటే నిక్కరు తేకండి, ఎర్ర పావడా ఒకటి పొట్టిగా కుట్టండి. వాళ్ళమ్మ ఒప్పుకోకపోతే ఆడపిల్లనే మగపిల్లాడిగా నిలబెట్టండి.

శాలువా, క్లోకు

శాలువా చదరంగా ఉండాలి, మూలకి మడిస్తే త్రిభుజం అవ్వాలి. ముదురు గోధుమ, నలుపు, బూడిద, చుట్టూ కుచ్చులు. మొదటి రోజు నుంచే రిహార్సల్లో కప్పుకోని తిరగమనండి. గడ్డం కింద ఒకచేత్తో పట్టుకోని, రెండో చేత్తో బుట్ట మొయ్యడం ఒక్కరోజులో రాదు. ఇంట్లో పనిచేసేటప్పుడు చిన్న శాలువాని ఛాతీమీద ఇంటూ గుర్తులా తిప్పి వెనక ముడేస్తారు. మీ ఇంట్లో బీరువా నిండా ఉన్న సన్మానం శాలువాలు తెచ్చి "ఇవి సరిపోతాయా అక్కా" అని అడక్కండి. ఆ జరీ అంచులు, ఆ మెరుపు, ఆరన్ దీవిలో పడవకోసం ఎదురుచూసే తల్లి భుజాల మీద అవి పడితే ఎవరో ఆమెకి ఇప్పుడే దండేసి దిగినట్టు ఉంటుంది.

ముసుగు క్లోకుకి బోలెడు గుడ్డ పడుద్ది, తల చుట్టూ కుచ్చు పెట్టడానికే ఒక పూట పట్టుద్ది. అక్కడ కూడా అది ఖరీదైన వస్తువు, తల్లినుంచి కూతురికి వచ్చేది. స్థితిపరుడైన రైతు భార్యకి ఒకటి ఉంటే చాలు. మిగతావాళ్ళకి వద్దు.

మగవాళ్ళ బట్టలు

ఫ్రీజ్ అని అక్కడొక మందపాటి ఉన్నిగుడ్డ. నేసినాక నీళ్ళల్లో తొక్కించి, కొట్టించి దట్టం చేసేవాళ్ళు. వానకి లోపలికి చెమ్మ దిగేది కాదు. దాంతో కుట్టిన పెద్దకోటు ఎండాకాలంలో కూడా తీసేవాళ్ళు కాదంటారు. మనకి దానికి దగ్గరగా ఉండేది గొంగళి. అయితే మన నెల్లూరు గొర్రెని నమ్ముకోకండి. ఎత్తులో దేశంలో దాన్ని మించింది లేదు గానీ ఒంటిమీద ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుకే. గొంగళి రాయలసీమ వైపు నుంచో తెలంగాణ నుంచో రావాలి. ఒక పెద్దమనిషి పాత్రకి ఒక్క గొంగళికోటు కుట్టండి, మిగతావాళ్ళకి బూడిదరంగు వేసిన మందపాటి ఖద్దరు చాలు. లైట్ల కింద గొంగళిలో ఉన్నవాడికి తెర పక్కన మజ్జిగ చెంబు పెట్టడం మర్చిపోవద్దు.

కరువుకి ముందు తరంలో కూలివాడు కూడా తోకకోటు, పొడుగు ఫెల్టుటోపీ పెట్టుకునేవాడంటే ఎవరూ నమ్మరు. దొరలు తొడిగి పారేసిన కోట్లు సంతల్లో చేతులు మారి మారి చివరికి ఉర్లగడ్డ చేలోకి వచ్చేవి. కాబట్టి కొత్తకోటు కుట్టకండి. పాతబట్టలమ్మే దగ్గర సూటుకోటు ఒకటి తీసుకోండి, వేసుకునేవాడి కొలతకి రెండు సైజులు తేడా ఉండేది చూడండి. ముందుపక్క నడుం దగ్గరికి అడ్డంగా కోసి, వెనకపక్క తోకలు వదిలేయండి. భుజాలు జారాలి, చేతులు పొట్టిగా ఉండాలి, ఒక గుండీ వేరే రంగుది కావాలి. అది ఆ మనిషి కోసం కుట్టింది కాదని కోటే చెప్పాలి.

బ్రీచెస్‌కి పాత ప్యాంటు మోకాలి కింద నాలుగు వేళ్ళ దగ్గర కోసి, కుచ్చు పట్టి, రెండంగుళాల పట్టీ, పక్కన నాలుగు గుండీలు. కిందకి బూడిదరంగు ఫుట్‌బాల్ మేజోళ్ళు, పాదం కోసేసి. పాదంలేని మేజోళ్ళు వాళ్ళకీ ఉండేవి, కాలివేలికి ఒక ఉంగరం లాంటి ముడితో ఆగేవి. నడుముకి రంగురంగుల నేత పట్టీ కావాలంటే నవారుని ఎరుపు, నీలం, తెలుపు చారలుగా రంగేసుకోండి. అది ఆరన్ దీవుల్లోని మగవాళ్ళకే. మిగతావాళ్ళకి గడ్డితో పేనిన తాడు.

ఇవి మాత్రం తేవొద్దు: తీగలు అల్లినట్టుండే తెల్ల ఉన్ని స్వెట్టరు, కిల్టు అనే మగవాళ్ళ కుచ్చుల పావడా, బల్లపరుపు టోపీ. ఆ స్వెట్టరు 20వ శతాబ్దం మొదట్లో మొదలైంది. ఒక్కో వంశానికి ఒక్కో అల్లిక, మునిగిన శవాన్ని అల్లికని బట్టి గుర్తుపట్టేవాళ్ళు అన్నది తరవాత పుట్టిన కథ. కిల్టు అక్కడి రైతులు కట్టింది కాదు. బల్లపరుపు టోపీ శతాబ్దం చివరికి గానీ మామూలు కాలేదు. డైరెక్టరు గారు ఇంటర్నెట్లో చూశానంటే, ఫోటో ఏ సంవత్సరానిదో అడగండి. ఐర్లాండు జాతీయ గ్రంథాలయంలో లారెన్స్ కలెక్షన్ అని గాజుపలకల ఫోటోలున్నాయి, శతాబ్దం చివరి కాలానివి. కరువు ఏళ్ళకైతే లండన్ బొమ్మల పత్రిక ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో 1847, 1849ల్లో వచ్చిన చెక్కుడు బొమ్మలున్నాయి. అవి చూడండి, కాళ్ళు ముఖ్యంగా చూడండి.

కాళ్ళంటే గుర్తొచ్చింది. ఆడవాళ్ళు, పిల్లలు చాలావరకు వట్టికాళ్ళే. బూట్లున్నా చేతిలో పట్టుకోని నడిచి చర్చి దగ్గరికి వచ్చాక తొడుక్కునేవాళ్ళు. ఖర్చు మిగిలింది, సంతోషించండి.

పాతబెట్టడం

మా నాయన కిరీటాన్ని మెరిపించేదానికి ఒక రోజు పెడితే నేను కోటుని చంపేదానికి మూడు రోజులు పెడతాను. కొత్తగుడ్డ కట్టిన పేదవాడు స్టేజీమీద అబద్ధం. కుట్టడం పావు పనే, మిగతా ముప్పావు ఇక్కడుంది.

మొదట ఉతకండి, పిండకుండా తడిగానే తాడుకి వేలాడదీయండి. జేబుల్లో గులకరాళ్ళు వేయండి, మోచేతుల్లో గుడ్డపీలికలు కూరండి. ఆరేలోపు కోటు మనిషి ఆకారానికి సాగిపోద్ది. తరవాత ఎమ్రీ పేపరు. ఎక్కడ పడితే అక్కడ రుద్దొద్దు. ఆ మనిషి ఏం పని చేస్తాడో ఆలోచించి రుద్దండి. గంప మోసేవాడికి భుజం మీద తాడు ఒరుసుకున్న అడ్డగీత, పార పట్టేవాడికి కుడిచేతి అంచు, పొయ్యి ముందు మోకాళ్ళేసే ఆడమనిషికి పావడా ముందు రెండు వట్టి మచ్చలు. కాలర్ లోపల మెడ జిడ్డు కోసం కొంచెం కొబ్బరినూనెలో బూడిద కలిపి వేలితో పూయండి.

నలుపు కావాలంటే తుప్పుపట్టిన మేకులు, ఇనుప తుక్కు, బెల్లం కుండలో నీళ్ళుపోసి రెండు మూడు వారాలు ఊరబెట్టండి. మన పక్కన శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు గీతలకి వాడే నలుపు ఇదే. కరక్కాయ పట్టించిన గుడ్డమీద ఈ నీళ్ళు పడంగానే కళ్ళముందే నల్లబడుద్ది. అక్కడి పల్లెల్లోనూ ఇదే తంతు. బురదనేలలోని ఇనుమున్న నల్లమట్టి, ఓక్ చెక్క వేసి ఉన్ని ఉడకబెట్టేవాళ్ళు. చెట్టులోని వగరు, మట్టిలోని ఇనుము కలిస్తే నలుపు, ఏ దేశమైనా. కుండ మాత్రం పెరట్లో దూరంగా పెట్టండి, మా పక్కింటావిడతో నాకు మాటలు ఆగిపోయింది దీనివల్లే.

అంచులకి బురద నల్లరేగడితోనే వేయండి. కొండాపురం వైపు ఎర్రమట్టి చేతికి అందుబాటులో ఉందని పూస్తే అది ఐర్లాండు అవదు. అక్కడి పీట్ నేల, అంటే మొక్కలు కుళ్ళి పేరుకున్న మట్టి, కోసి ఆరబెట్టి పొయ్యిలో కాల్చేది, కాఫీడికాషన్ రంగు.

అతుకులు ఆఖర్న. అతుకు గుడ్డ అదే తానులోది కాకూడదు. ఇంకో పాత్ర చిరిగిన పావడాలోంచి ముక్క కోసి తండ్రి మోకాలికి వేయండి. ఇంట్లో ఎరుపు అట్లా ఒంటినుంచి ఒంటికి తిరగాలి. మిషను మీద కుట్టొద్దు, చేత్తో, మందపాటి దారంతో. చక్కగా కుట్టండి, వంకరగా కాదు. పేదరాలికి గుడ్డ లేకపోవచ్చు గానీ సూది పని రాకుండా ఉండదు.

ఆ ఇంట్లో ఎట్లా మసలాలి

బట్ట కట్టించి వదిలేస్తే సగమే. పిల్లలు స్టేజీ మీదికి రాంగానే చేతులు జోడిస్తారు, లేదా షేక్‌హ్యాండ్ ఇస్తారు. రెండూ వద్దు. గడపలో ఆగి "ఈ ఇంట్లో అందర్నీ దేవుడు చల్లగా చూడాల" అనాలి, లోపలివాళ్ళు "నిన్నూ చల్లగా చూడాల" అనాలి. లోపల వెన్న చిలుకుతుంటే వచ్చినవాడు ఎవడైనా సరే ఓ రెండు పోట్లు వెయ్యాలి. వెయ్యకుండా పోతే ఆ ఇంటి వెన్న అదృష్టం పట్టుకుపోయినట్టే. వాళ్ళది తిప్పే కవ్వం కాదు, కిందికీ పైకీ పొడిచే కర్ర. ప్లాస్టిక్ డ్రమ్ముకి చెక్కపట్టీలు మేకులు కొట్టి చుట్టూ రెండు ఇనుప బద్దలు వేస్తే ఆ పీపా తయారు.

పొయ్యికి నర్సరీల్లో అమ్మే కొబ్బరిపొట్టు ఇటుకలు తెచ్చుకోండి. అచ్చం పీట్ ముక్కల్లా ఉంటాయి. మధ్యలో ఎర్ర కాగితం చుట్టిన బల్బు. తడి తగలనీకండి, ఉబ్బి విరిగిపోతాయి. ఆ పొయ్యి ఏళ్ళతరబడి ఆరేది కాదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, బ్రిజిడ్ అనే పుణ్యవతి పేరు తలుచుకోని పడుకుంటారు, తెల్లారి ఊది లేపుతారు. సీను రాత్రి ముగిస్తే ఈ పని తల్లి చేత చేయించండి, బ్లాక్‌ఔట్‌కి ఇంతకంటే మంచి క్యూ లేదు. పీటలు పొట్టిగా ఉండాలి. పొగగొట్టం సరిగాలేని ఇంట్లో పొగ పైన నిలబడుద్ది, మనుషులు కింద కూర్చుంటారు. అందరినీ కుర్చీల్లో కూర్చోబెడితే కళ్ళు మండి చచ్చిపోతారు.

తిండి సీను మీద ఎక్కువ సమయం పెట్టండి. మూడుకాళ్ళ ఇనపకుండలో ఉర్లగడ్డలు తొక్కతో ఉడకబెట్టి, సిబ్బిలో వార్చి, ఆ సిబ్బినే ఆవిరి కక్కుతున్న కుండ మీద పెట్టి చుట్టూ కూర్చుంటారు. పళ్ళెం లేదు, చెంచా లేదు. బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకోని దాంతో తొక్క ఒలుస్తారు. ఉప్పునీళ్ళల్లో ముంచుకోవడం, కొయ్యగిన్నెలో మజ్జిగ ఒక గుక్క. ఆ గిన్నెలకి ఉదయగిరి కొయ్యపని చేసేవాళ్ళని అడగండి. కరువుకు ముందు కష్టం చేసే మగమనిషి రోజుకి 5, 6 కిలోల గడ్డ తినేవాడు. అందుకే సిబ్బి నిండా పొయ్యండి, నాలుగు గడ్డలు పెట్టి మమ అనిపించకండి. కథ 1846 తరవాతదైతే అదే సిబ్బి ఖాళీ, కుండలో అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న పిండి జావ. చూసేవాళ్ళకి కరువు ఒక్క మాట లేకుండా అర్థమవుద్ది. మంచి గడ్డ ఏరకండి, గుబ్బలు గుబ్బలుగా వంకరగా ఉన్నవి కావాలి. వాళ్ళు వేసిన లంపర్ రకం అట్లాగే ఉండేది.

చావింటి సీను ఐర్లాండు నాటికల్లో దాదాపు తప్పదు. శవాన్ని పక్కింటి ఆడవాళ్ళు కడిగి, బల్లమీద పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పుతారు. గడియారం ఆపేస్తారు, అద్దం మీద గుడ్డ వేస్తారు. పక్కన పళ్ళెంలో పొగాకు, పొట్టి మట్టిపైపులు. వచ్చినవాళ్ళు, ఆడవాళ్ళతో సహా, ఒక దమ్ము పీల్చి చనిపోయినవాళ్ళ కోసం ఒక మాట ప్రార్థిస్తారు. పైపులకి కుమ్మరి చేత మట్టివి చేయించండి, ఒక డజను. శవం సర్దడం అయ్యేదాకా ఎవరూ గొంతెత్తకూడదని వాళ్ళ కట్టుబాటు. తరవాత ఏడుపు మొదలెట్టేది ఆ పనికి పేరున్న ఒక ఆడమనిషి. చనిపోయినవాడి వంశం, మంచితనం, వదిలిపోయిన వాళ్ళు, అన్నీ రాగంలో పెట్టి ముందుకీ వెనక్కీ ఊగుతా అంటుంది, మిగతావాళ్ళు చివర గొంతు కలుపుతారు. మన పల్లెల్లో రాగాలు తీసి ఏడ్చిన ముసలమ్మలు తెలిసిన పిల్లలకి ఇది చెప్పనక్కర్లేదు, ఆ గొంతు వాళ్ళల్లో ఉంటుంది. ఒకటే జాగ్రత్త: జుట్టు విరబోసుకోని దొర్లనివ్వకండి, ఊగడం చాలు. రాత్రి ముదిరాక అదే ఇంట్లో ఆటలు, కథలు, నవ్వులు. బిషప్పులు ఎన్నిసార్లు వద్దన్నా ఆగలేదు. మన డైరెక్టర్లు ఆ నవ్వు తీసేసి అంతా శోకంతో నింపుతారు. తీసేయొద్దు, జనం ఆ నవ్వు దగ్గరే ఏడుస్తారు.

తిరిగిచ్చేటప్పుడు

గొంగళికోటు ఉతక్కండి, ఎండలో దులిపి వేపాకుతో మడిచి పెట్టండి. కోరాగుడ్డ బట్టలు చల్లనీళ్ళల్లో జాడించండి, బురద అంచులు మాత్రం పోగొట్టకండి, తరవాత సమాజం వాళ్ళకి మళ్ళీ నేనే పూయాలి. మట్టిపైపులు లెక్కపెట్టి ఇవ్వండి, విరిగినవి కూడా. ఎర్ర పావడాలు విడిగా నానబెట్టండి, మిగతావాటితో కలిపితే అన్నీ ఎర్రబడతాయి, డిపాజిట్టు నా దగ్గరే ఉండిపోద్ది.